బావ మీద గ్రాఫు కాగితాల దండయాత్ర

మా బావకు యుద్ధం నేర్పిన తెలివితక్కువవాణ్ణి నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. ట్రాక్టరు మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుని ఆయన మూడు నెలలు మంచాన పడితే, పాపం పొద్దు పోవడం లేదంటున్నాడని నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక యుద్ధం ఆట ఎక్కించి, బోధన్ అవతల వాళ్ల ఊరికి మోసుకెళ్లి ఇచ్చాను. పక్కన కూర్చుని మరీ నేర్పాను. కాలు అతుక్కుంది. ఆట కూడా అతుక్కుంది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తెర మీద ఒక ప్రాంతం పైనుంచి చూసినట్టు గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. మన సిపాయిలనూ ట్యాంకులనూ వంతుల వారీగా జరుపుకుంటూ, చెప్పిన చోటును చెప్పినన్ని వంతుల్లో పట్టుకోవాలి. ఎదుటి సైన్యాన్ని కంప్యూటరు నడుపుతుంది. ఆటతో వచ్చిన మిషన్లు అయిపోతే మనమే కొత్తవి కట్టుకోవచ్చు. ఆ కట్టే పని నాది, కూలగొట్టే పని బావది. నా కోరిక మరీ పెద్దదేం కాదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయన నా మిషన్‌లో ఓడిపోవాలి. రెండేళ్లయింది. నా వ్యూహాలన్నీ ఊహల దగ్గరే ఆగిపోయాయి.

నేను నిజామాబాద్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. గ్రాఫు కాగితం కనబడితే ఊరుకోలేని జబ్బు అలా వచ్చింది. కంప్యూటరు ముట్టుకోకముందే మిషన్ మొత్తం కాగితం మీద పడాలి నాకు. బావవాళ్ల ఊరే మ్యాపు: కాలువ, తూము, చెరుకు తోటలు, పొలం బాటలు. ఎర్ర పెన్సిల్‌తో శత్రువు, నీలి పెన్సిల్‌తో బావ. ఏ తుపాకీకి ఎంత దూరం కనిపిస్తుందో స్కేలు పెట్టి గీతలు. ఏ ట్యాంకు ఏ వంతులో ఏ గడిలో ఉండాలో పక్కన పట్టిక. ఒక్క తుపాకీని రెండు గళ్లు జరిపామా, పాతిక గీతలు చెరిపి మళ్లీ గీసుకోవాలి. నాలుగోసారి చెరిపేసరికి కాగితానికి చిల్లు పడుతుంది. అందులోంచి కింద ఉన్న జవాబు పత్రాలు కనిపిస్తాయి.

"ఏమయ్యా, పేపర్లు దిద్దుతున్నవా, మీ బావను దిద్దుతున్నవా?" అంటుంది మా ఆవిడ.

రెండూ దిద్దుబాటుకు లొంగేవి కావని ఆమెకు ఎలా చెప్పను?

మొదటి మిషన్‌కు నెల రోజులు పట్టింది. నాలుగు శత్రు ట్యాంకులు చెరుకు తోట వెనక నుంచి వచ్చి, కల్వర్టు దాటి, బావను రెండు వైపులా కమ్ముకోవాలి. కాగితం మీద చూస్తే నాకే జాలేసింది బావ మీద. ఆదివారం పొద్దున్నే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బోధన్ బస్సెక్కాను. బావ ఆట మొదలుపెట్టాడు. నా నాలుగు ట్యాంకులూ కల్వర్టు దాకా రాజుల్లా వచ్చాయి. వచ్చి, అక్కడే ఆగిపోయాయి. నాలుగింటికీ ఆగాల్సిన చోటు ఒకే గడి రాసిపెట్టాను. ముందున్నది ఆ గడిలో కూర్చుంది. వెనకవి దాని మీదికి ఎక్కలేక, పక్కకు పోలేక, మూతులు ముందుకు పెట్టుకుని నిలబడ్డాయి.

"ఏం బామ్మర్ది," అన్నాడు బావ, "గీ ట్యాంకులు చెరుకు బండ్ల లెక్క లైన్ల నిలబడ్డయేంది? కాంటా కాడికి పోతున్నయా?"

చెరుకు మోసిన చేతులు ఆయనవి. తూకం దగ్గర రోజంతా వరసలో నిలబడ్డ మనిషి. అందుకే నా ట్యాంకుల మీద ఆయనకు కొంచెం జాలి కూడా కలిగినట్టుంది. ఒక్కొక్కదాన్నే పద్ధతిగా పేల్చాడు. పదకొండు నిమిషాల్లో అంతా అయిపోయింది. నేను ఎక్కిన బస్సుకు అంతకంటే ఎక్కువసేపు పట్టింది.

తర్వాతి మిషన్లో ఇంతకంటే పెద్ద తప్పు చేశాను. దాన్ని తప్పు అనడం కూడా తప్పే, అది నా నిజాయితీ. ఈసారి కాలువను అడ్డం పెట్టుకున్నాను. కాలువలో నీళ్లుంటే సిపాయిలు దాటలేరు. కాబట్టి బావ వంతెన మీదికే రావాలి. అక్కడ నా తుపాకులు ఎదురు చూస్తుంటాయి. ఆట మొదలవగానే తెర మీద వచ్చే ముందు పేజీలో సందర్భం రాశాను: ఎండాకాలం, మధ్యాహ్నం, గాలి లేదు.

బావ ఆ ముందు పేజీ చదివి నవ్వాడు. "ఎండాకాలం కాల్వల నీళ్లెక్కడియి బామ్మర్ది? యాసంగి కోతలైనంక తూము బంద్ చేస్తరు. నీ నక్షా పూరా తప్పున్నది. పాఠం చెప్పేటోనివి, గంత తెల్వదా?"

పాఠం చెప్పేవాణ్ణి కదా, ఆ ముక్క గుచ్చుకుంది. తప్పును తప్పుగా వదిలేయడం నా వల్ల కాదు. "ఉండు బావా" అని అక్కడికక్కడే కూర్చుని, గడి గడికీ నీళ్లు తీసేసి మట్టి పరిచాను. అక్క చాయ్ తెచ్చింది. తాగుతూ మరీ పరిచాను. ఆ తర్వాత బావ సిపాయిలు ఆ ఎండిన కాలువలోకి దిగారు. గట్ల చాటున తలలు కూడా కనిపించకుండా నడిచి, నా వంతెన తుపాకుల వెనక తేలారు. శత్రువు చేత సర్వే చేయించుకుని, ఆ సర్వే ప్రకారం కోట గోడ కూల్చుకున్న సేనాపతి చరిత్రలో ఇంకొకడు ఉంటే వాడికి నా నమస్కారం.

"నక్షా ఇప్పుడు మంచిగైంది," అన్నాడు బావ.

మూడోది, నాలుగోది చెప్పను. చిరాకు ఒకటే, మారింది కాగితాలే. ఓసారి నా ఫిరంగి నా వాళ్లనే కొట్టింది. ఓసారి కంప్యూటరు సైన్యం మొత్తం ఆట అయ్యేదాకా ఒక ఇంటి చుట్టూ ప్రదక్షిణలు చేసింది. "నీ దాంట్ల అందరు భక్తులే ఉన్నరు" అన్నాడు బావ. స్కేలు విరిచేశాను. మర్నాడు కాలేజీలో బోర్డు మీద గీత గీయడానికి స్కేలు లేక, హాజరు పట్టీ అంచుతో గీశాను. పిల్లలు నవ్వారు. ఓడిపోయినవాణ్ణి చూసి నవ్వడం ఎవరికైనా తేలికే.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో, యాసంగి వరి కోతలప్పుడు మళ్లీ వెళ్లాను. చేతిలో మిషన్ లేదు, ఊరికే. వాళ్ల ఊరి రోడ్డు సగం మేర పసుపుపచ్చగా ఉంది. ఎప్పటిలాగే అందరూ వడ్లు ఆరబోశారు. అంచున రాళ్లు పేర్చారు, వాహనాలన్నీ మిగిలిన సగం మీదే తప్పించుకుంటూ పోతున్నాయి. నేను ఆటో దిగేసరికి బావ రోడ్డు మధ్యలో నిలబడి ఒక కారును ఆపాడు. దాని వెనక చక్రం రాళ్లు తన్నేసి రెండు బారల మేర వడ్ల మీంచి పోయింది.

"కండ్లు కనవడ్తలేవా? తినే బువ్వ మీదికెల్లి తోల్తవా?" బావ కారు ముందు నుంచి కదల్లేదు. కారతను దిగి, వంగి, చేత్తో వడ్లు లోపలికి తోశాడు. ఆ తర్వాతే బావ పక్కకు జరిగాడు. చక్రం గుర్తు పడ్డచోట పలుగొర్రుతో వడ్లు సర్దుతూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

నేను ఆ సాయంత్రమే బస్సెక్కాను. బస్సులోనే గ్రాఫు కాగితం తీశాను.

ఈసారి గీతలు తక్కువ. బావ ట్యాంకులు పద్దెనిమిది వంతుల్లో తూము దగ్గరికి చేరాలి. దారి వాళ్ల ఇంటి ముందు రోడ్డే. రోడ్డు కుడి సగంలో కాలిపోయిన లారీ అడ్డం. ఎడమ సగంలో ఇసుక రంగు గళ్లు. ముందు పేజీలో ఒకే వాక్యం అదనంగా రాశాను: "ఎడమ పక్క ఆరబోసినవి మీ వడ్లే." ఆ గళ్ల మీంచి పోతే రెండు వంతుల్లో అవతల. అక్కడ శత్రువు లేడు, మందుపాతర లేదు, మార్కులు కూడా తగ్గవు. వద్దనుకుంటే పొలం బాట ఉంది, చుట్టూ తిరిగి రావాలి.

తర్వాతి ఆదివారం బావ లారీ దాకా ఊపుగా వచ్చాడు. ఆగాడు. ముందు పేజీ తెరిచి మళ్లీ చదివాడు.

"వడ్ల కింద బాంబులు పెట్టినవా?"

"లేవు బావా. ఒట్టు."

"మరి మీదికెల్లి పోవచ్చా?"

"హాయిగా పోవచ్చు. ఆటే కదా."

బాంబులున్నాయంటే ఆయనకు కొంచెం ఊరటగా ఉండేదేమో. మౌస్ మీద చేయి పెట్టి తీశాడు. పెట్టి తీశాడు. గుమ్మంలోంచి బయటి రోడ్డు వైపు చూశాడు. వడ్లు ఎత్తేశారు, అయినా చూశాడు. "జర లారీని పక్కకు నూకరాదా?" అన్నాడు. ఆటలో ఆ వీలు లేదన్నాను. నిజంగానే లేదు, ముందే చూసుకున్నాను.

నా జీవితంలో మొదటిసారి నా మిషన్లో ఒక మనిషి పావుగంట ఆలోచించాడు. ఆ తర్వాత ట్యాంకులన్నింటినీ వెనక్కి తిప్పి పొలం బాట పట్టించాడు. పద్దెనిమిదో వంతు అయిపోయేసరికి మొదటి ట్యాంకు తూముకు మూడు గళ్ల దూరంలో ఉంది. తెర మీద ఓటమి అని పడింది.

అక్క తొంగి చూసింది. "ఓడిపోయినవా? పోనీ తియ్, వడ్లైతే దక్కినయ్."

"గిది యుద్ధం కాదు," అన్నాడు బావ ల్యాప్‌టాప్ మూస్తూ. "నువ్వు పక్కా దొంగవు బామ్మర్ది. గా వడ్లు తీసెయ్, మళ్ల ఆడుత. పది నిమిషాల్ల కొడ్త."

కొడతాడు, నాకు తెలుసు. వారం వారం ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాడు. కాలువలో నీళ్లు తీయమంటే చాయ్ తాగుతూ తీసినవాణ్ణే. వడ్లు మాత్రం ఇంకా ఎత్తలేదు. బాగా ఆరాలి కదా అంటున్నాను.