కెమెరా కింద అష్టాచెమ్మా

మొన్న శాండీఫోర్డ్‌లో లువాస్ ట్రాము ఎక్కితే, ఆ వారమే ఈ దేశంలో దిగినట్టున్న మన పిల్లలు ఐదారుగురు, కొత్త కోట్ల మడతలు ఇంకా పోకుండానే, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ కాలేజీకి పోతున్నారు. వాళ్ళని చూస్తూ కూర్చుంటే నా మనసు కరోనా రోజుల్లోకి జారిపోయింది. దిగవలసిన స్టాపు దాటిపోయిందని కూడా చూసుకోలేదు.

అప్పట్లో మేము కార్క్‌లో ఉండేవాళ్ళం. మావారికి రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు ఒక కాలేజీలో కొత్త విద్యార్థుల బాగోగులు చూసే పని. ఆ ఏడు వచ్చిన పిల్లలకి కాలేజీ అంటే హాస్టల్ గది, అందులో లాప్‌టాప్, కిటికీ బయట వాన, అంతే. వీడియో కాల్‌లో ఏదో ఒక ఆట ఆడించి వాళ్ళకి స్నేహాలు కలపమని మా పైఅధికారిణి పిల్లల్ని మా అందరికీ పంచితే, నా వంతుకి ముగ్గురు తెలుగు పిల్లలు వచ్చారు: గుంటూరబ్బాయి, విశాఖపట్నం అబ్బాయి, కరీంనగర్ అమ్మాయి. ఆ అమ్మాయి కెమెరా పెట్టేది కాదు. చదువు మానుకుని ఇంటికి వెళ్ళిపోతానని అప్పటికే కాలేజీ ఆఫీసుకి చెప్పిందట, అందుకే నా గుబులంతా ఆమె గురించే.

అష్టాచెమ్మా అనుకున్నాను గాని, ఈ దేశంలో గవ్వలేవి? చింతపండులోంచి గింజలు ఏరి, పెరటి గుమ్మం సిమెంటు మీద ఒకవైపు తెల్లగా అరగదీశాను. వంటింటి బల్ల మీద సుద్దతో గళ్ళు గీసి, పైన అల్మారా తలుపుకి ఫోను కట్టాను. నాలుగో పక్క ఆడేది నేనే, అందరి గింజలూ వేసేది నేనే, వాళ్ళు చెప్పిన కాయ జరిపేది నేనే, కాబట్టి ఆ పిల్లలకి చాలాకాలం నేనంటే రెండు చేతులూ నాలుగు గాజులూ మాత్రమే. మొదటి రోజంతా తగువుతోనే సరిపోయింది. ఒక కాయనైనా చంపందే లోపలి గళ్ళలోకి పోకూడదని కరీంనగర్ అమ్మాయి వాళ్ళింటి పద్ధతి, అదేమీ లేదని మగపిల్లలు. ఆ పిల్ల నోరు విప్పడమే పదివేలనుకుని ఆమె మాటే ఖాయం చేశాను.

తీరా చూస్తే, పట్టుబట్టిన ఆ పిల్లే ఎవరినీ చంపదు. అందిన కాయని వదిలేసి బయటి గళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉండేది. ఎందుకమ్మా అంటే, "కొట్టబుద్ధయితలేదు ఆంటీ. కొడితే మళ్ళ మొదటికి పోవాలె గద, పాపం," అంది. తనే మొదటికి పోవాలనుకుంటున్న పిల్ల ఆ మాట అంటే, వేసిన గింజలు లెక్కపెట్టడం మరిచిపోయాను. ఆ తర్వాత మగపిల్లలు ఏడిపించడం మానేసి, తమ కాయల్ని కావాలని ఆమె ముందుకే తెచ్చి పెట్టేవారు. దొంగ వెధవలు, నాకు తెలియదనుకున్నారు.

బయట వాన, తెర మీద మసక వెలుగు, గింజల చప్పుడు. ఆ సాయంత్రాలు ఏ ఊళ్ళో గడిచాయో ఇప్పటికీ చెప్పలేను. అలాంటి ఒక సాయంత్రం ఆమెకి చెమ్మా పడింది, తిన్నగా నా కాయ మీదికే.

"మీ కాయ తీసెయ్యుండ్రి ఆంటీ, ఏమనుకోకుండ్రి," అంటూ కెమెరా పెట్టింది. చెదిరిన జుట్టు, నిద్రలేని కళ్ళు, నవ్వు. వెనక కిటికీలో కనిపించిన చెట్టుని చూసి, ఆమెది తన పక్క గదేనని గుంటూరబ్బాయి అప్పుడే కనిపెట్టాడు. మరుసటి వారం, ఇంటికి వెళ్ళడం లేదని ఆఫీసుకి తనే చెప్పింది.

ఆంక్షలు సడలగానే ముగ్గుర్నీ భోజనానికి పిలిచి, ఆడుకుందామని బల్ల మీద గళ్ళు కూడా కొత్తగా గీసి ఉంచాను. వచ్చారు, కడుపునిండా తిన్నారు, ఊరు చూడాలని ముగ్గురూ కలిసి తొందరగా వెళ్ళిపోయారు. వాళ్ళు అలా వెళ్ళాలనే కదా అన్ని సాయంత్రాలు ఆడించింది, అయినా ఆ బల్ల తుడవడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. ఊరూవాడా తలుపులు బిగించుకున్న రోజుల్లోనే మా వంటింట్లో పిల్లల సందడి ఉండేది. ఇప్పుడు తలుపులన్నీ తెరుచుకున్నాయి, అందరూ చల్లగా ఉన్నారు, మా ఇంటికి వచ్చే తీరికే ఎవరికీ లేదు.