మూడు అని రాసిన రోజు

ఇరవై ఆరేళ్లుగా ఆ లోయకు మంచు పోకడ చూసి చెప్పే మనిషి నోట్బుర్గ. చలికాలమంతా తెల్లవారగానే స్కీలు కట్టుకుని కొండెక్కి, మంచులో నడుముదాకా గొయ్యి తవ్వి, ప్రతి పొరనూ వేలితో నొక్కి చూసేది. కొండ మీంచి మంచు విరిగిపడే ప్రమాదం ఆనాడు ఒకటి నుంచి ఐదు దాకా ఏ అంకెలో ఉందో ఊరి కమిటీకి రాసిచ్చేది. నాలుగైతే వాలు మూసేస్తారు, మూడైతే పోవడం గైడు ఇష్టం.

ముందటేడు నాలుగని రాసి ఎగువ వాలు తొమ్మిది రోజులు మూయించింది. పిడికెడు మంచు కూడా జారలేదు. హోటళ్లవాళ్లు ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. పినతండ్రి కొడుకు కాసియన్, కొండల్లో గైడు, అందరికన్నా ఎక్కువ ఏడిపించాడు.

"అక్కా, నీకు తుమ్మొచ్చినా నాలుగేనా?"

ఈ ఫిబ్రవరిలో రెండు రోజులు గాలి కొట్టి కొత్త మంచు పలకలా బిగిసింది. దాని కింద పాత మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా ఉంది. పార పైన ఆనించి మూడుసార్లు తట్టేసరికి పలక మొత్తం ఊడి ఆమె మోకాళ్ల మీద పడింది. నాలుగే, అనుమానం లేదు.

కమిటీ గది ముందు కాసియన్ స్కీలు పట్టుకున్న నలుగురు హోటలు అతిథులతో నిలబడి ఉన్నాడు.

"ఏమంటావక్కా? మళ్లీ కొండ మూసేయమంటావా?"

అతిథులు నవ్వారు.

"పైన బాగాలేదురా."

"ఎంత బాగాలేదు? అంకె చెప్పు."

ఆమె లోపలికెళ్లి మూడని రాసింది. బయటికొచ్చి, "మూడు. ఉత్తరపు వాలుకి మాత్రం పోకు," అంది.

"మూడేగా, నేను చూసుకుంటాలే."

పదకొండున్నరకు ఉత్తరపు వాలు మీద మంచు విరిగిపడింది. కాసియన్‌నూ ఒక అతిథినీ రెండు మీటర్ల లోతులోంచి తీశారు. ఇద్దరికీ ఊపిరి లేదు.

తెలిసి తెలిసి జనాన్ని చంపాడని ఊరంతా కాసియన్‌నే తిట్టింది. నోట్బుర్గ మాత్రం ముందే చెప్పిందన్నారు. ఆ మెప్పు ఆమె మోయలేకపోయింది. రెండు రోజులకే కాసియన్ భార్య వాల్‌బుర్గ ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వాల్‌బుర్గ లేచి వీధి తలుపు తెరిచింది.

"నాకెందుకమ్మా చెబుతావు? ఊరికి చెప్పు. ఆయన్ని తిట్టేవాళ్లకి చెప్పు."

ప్రమాదం జరిగిన వారానికి ఊరి కమిటీ విచారణ పెట్టింది. అక్కడ నోట్బుర్గ లేచి నిలబడింది. "నేను చూసింది నాలుగు. నవ్వుతారని మూడు రాశాను."

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు దుఃఖంలో ఉన్నారు. కాగితం మీద మూడుంది. పోవద్దని చెప్పారు కూడా. గైడు వినలేదు."

"రాసుకోండయ్యా నేను చెప్పింది."

"కూర్చోండమ్మా."

గుమాస్తా కలం ఎత్తలేదు. తప్పు గైడుదేనని తీర్పొచ్చింది.

మర్నాడు రొట్టెల కొట్లో వాల్‌బుర్గ కనిపించింది. నోట్బుర్గ నోరు తెరవబోయింది.

"చెప్పావని విన్నాను," అంది వాల్‌బుర్గ. "ఒక్క వారం ముందు, కొండ దిగినప్పుడు ఆయనకి చెప్పాల్సింది."

రొట్టె సంచీలో వేసుకుని వెళ్లిపోయింది. వెనకున్నవాళ్లు వరుసలో జరగమని నోట్బుర్గను మెల్లగా ముందుకు తోశారు.