చప్పుడు తగ్గించిన ఆదివారాలు

ఆ ఏడాది ఆదివారాలన్నీ నాకు ఒకే పొడవైన మధ్యాహ్నంలా గుర్తున్నాయి. చింతామణిలో మా మేడ మీది గది, కిటికీ బయట ముసురు, బల్ల ముందు ఇద్దరు ఆడవాళ్లం, నేనూ, నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే ఒకావిడా.

ఆవిడ బాగేపల్లిలో కన్నడ టీచరుగా పనిచేసేది. నలభై దాటకుండానే చూపు పూర్తిగా పోయింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పమని నాకు ఫోన్ చేసి, చేతికర్రతో ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే కోడ్ రాసే నాకు, నేర్పడం ఏమంత కష్టం కాదనిపించింది.

మొదటి రోజు, కోడ్ రాయడానికి నా దగ్గరున్న అతి పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిచాను. చిక్కబళ్లాపురం కాలేజీలో చదివినప్పటి నుంచీ నాకు అదే అలవాటు. సగం మాట కొడితే మిగతా సగం అదే రాస్తుంది. తప్పు కింద ఎర్రగీత గీస్తుంది. ఫైళ్లన్నీ పక్కన వరుసగా చూపిస్తుంది. కానీ అక్కకు ఆధారం తెర కాదు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్ గొంతు. ఆ గొంతు మెనూలు, సలహాలు, హెచ్చరికలు అన్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

"సంతలో నిలబెట్టినట్లుండాదమ్మా," అంది అక్క. "నేను రాసిన మాట యాడుండాదో నాకే తెలీలా."

దాన్ని మూసి, ఉత్త తెల్లకాగితంలాంటి చిన్న ఎడిటర్ తెరిచాను. అక్క ఒక వరుస రాసింది. గొంతు ఆ ఒక్క వరుసే చదివి ఊరుకుంది. ఆమె ముఖం తేటపడింది.

వారాలు గడిచాయి. బాగేపల్లికి బస్సు ఎప్పుడుందో అడిగితే చెప్పే ప్రోగ్రాం రాస్తోంది అక్క. రాసినదంతా ఆమెకు నోటికి వచ్చేది. నేనూ కళ్లు మూసుకుని వినేదాన్ని. వాన చప్పుడూ ఆ గొంతూ కలిసిపోయి, మాటలు నీళ్ల మీద తేలి వస్తున్నట్టుండేది. ఇన్నాళ్లూ నేను కోడ్‌ను చూశానే గానీ చదవలేదని అప్పుడు తోచింది.

ప్రోగ్రాం మూడు ఫైళ్లకు పెరిగిన రోజు నడవడం మానేసింది. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయలేదు. అది నాకు చూడగానే కనిపించింది. చెప్పబోయాను.

"చెప్పొద్దమ్మా. రేప్పొద్దున మా ఇంట్లో నువ్వుంటావా?"

సాయంత్రం దాకా వరుస వరుసా విని, తనే పట్టుకుంది.

"ఆ పొద్దు తెరిచినావే, ఆ పెద్దది మళ్లా తెరువు," అంది.

"దాని అరుపు మీరు భరించలేరక్కా."

"అరుపు తగ్గించే దావ ఉండాదేమో చూద్దాం. తప్పు యాడుండాదో చెప్తే చాలు నాకు."

తర్వాతి ఆదివారమంతా ఇద్దరం సెట్టింగులలో తిరిగాం. సలహాలు ఆపాం, పక్క కిటికీలు మూశాం, హెచ్చరికలు తీసేశాం. ఒక్కోటి ఆపినప్పుడల్లా గదిలో నిశ్శబ్దం పెరుగుతూ వచ్చింది. తప్పున్న వరుసకు వెళితే మోగే చిన్న గంట శబ్దం మాత్రం ఉంచాం. అది మోగినప్పుడు అక్క చిన్నపిల్లలా నవ్వింది. బస్సుల ప్రోగ్రాం ఆ నెలలోనే నడిచింది. ఆ పెద్దదాన్నే ఆమె తన ల్యాప్‌టాప్‌లో పెట్టించుకుంది.

కొన్నాళ్లకు, చూపులేనివాళ్లు వాడుకునేలా వెబ్‌సైట్లు ఉన్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం ఆమెకు దొరికింది. ఆదివారాల రాకపోకలు ఆగిపోయాయి.

ఆమె రాని మొదటి ఆదివారం ఏమీ తోచక చిన్న ఎడిటర్ తెరిచాను. కంపెనీ పనిలో ఒక ముక్కను ఎవరి సలహా లేకుండా మొదటి నుంచీ రాశాను. రాసింది పైకి చదువుకున్నాను. మూడో వరుసలో నా గొంతు తడబడింది. తప్పు అక్కడే ఉంది.