పెద్దమ్మ పెట్టిన గుమ్మడిపాదు

ఈ పొద్దు మా మిద్దె మీద గుమ్మడిపువ్వు పూసింది. దాని కింద గోలీ అంత పిందె.

నాతో చదువుకున్నోళ్లారా, మీకు గుర్తుందా, తిరుత్తణి బడిలో సైన్సు టీచరు ఇట్లాంటి పిందెనే బ్లేడుతో కోసి చూపించింది? మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు మీద పడితే ఈ అండాశయమే కాయవుతుందనింది. పువ్వులు తెచ్చినోళ్లను మెచ్చుకునింది.

ఆ మెప్పు కోసం, పిల్లల్లేని మా పెద్దమ్మ పెట్టిన పాదులో ఆడపువ్వు పూసినప్పుడల్లా దొంగతనంగా కోసుకొచ్చింది నేనే. పాదు ఒక్క కాయా కాయలేదు.

మగ్గం గుంటలో కూర్చోని అవ్వ తన కోడలు పెద్దమ్మను అనింది: "నీ చెయ్యే అంత. తీగ కూడా గొడ్డుపోయింది."

పెద్దమ్మ తీగ పీకేసింది. పక్కనే ఉండి కూడా నేను నోరు తెరవలేదు.

ఆ చేత్తోనే నాకు జడేసి బడికి పంపించింది.