అవ్వల జర్మన్

కళ్యాణదుర్గం వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న నర్సు దిగులుగా ఉంది. జర్మన్ పరీక్ష పాసైంది, వచ్చే నెలే ఉద్యోగానికి జర్మనీ ప్రయాణం. తీరా అక్కడి పల్లె ఆసుపత్రివాళ్లు వీడియో కాల్‌లో ఒక ముసలామెతో మాట్లాడిస్తే ఒక్క ముక్కా అర్థం కాలేదట.

అచ్చు పుస్తకాల వల్ల దేశమంతటికీ ఒకే జర్మన్ స్థిరపడినా, పల్లెల్లో పాత మాటతీరు పోలేదని ఎప్పుడో చదివింది చెప్పాను.

"అట్లయితే నా ఉద్యోగం నిలుస్తాదా అన్నా?"

ఎదురుగా కూర్చున్న వాళ్లవ్వ నవ్వింది. "విజయవాడలో చదివొచ్చి నాతో పుస్తకం మాదిరి మాట్లాడినావు. తిట్టి తిట్టి దోవకు తెచ్చినా. ఆడ గూడా ఒక అవ్వను చూసుకోమ్మే!"

ఆ ముసలామెతో రోజూ మాట్లాడించమని అమ్మాయి అప్పటికప్పుడే ఆసుపత్రికి మెసేజ్ పెట్టింది.

"తిట్టినా పర్వాలేదని రాసినావా?" అంది అవ్వ.