టీచరమ్మ రెండు కార్లు

మా ఎదురింటి టీచరమ్మ పోయారని మొన్న శనివారం పొద్దున గల్లీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. చదివి కిటికీలోంచి వాళ్ల గేటు వైపు చూశాను. ఆమె చిన్న కారు కవరు కప్పుకుని నిలబడి ఉంది. ఆ కారు మీద నాకు కోపం ఇంకా పోలేదు. అది మంచి కారు కావడమే నా బాధ.

అంతకుముందు ఆమెకు పాత అంబాసిడర్ ఉండేది. భర్త పోయాక ఆమే నడిపేవారు. ఆదివారం మా మెట్టుగూడ నుంచి బొల్లారంలోని చర్చికి ప్రయాణం. ఎవరు గేటు దగ్గర నిలబడితే వాళ్లు ఎక్కొచ్చు. నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు, బొల్లారంలో మా అక్క ఉండేది.

"మీ అక్క ఇల్లు కూడా దేవుడి దారిలోనే ఉందిగా, ఎక్కమ్మా," అనేవారు.

గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉండేది. ముందు ముగ్గురం, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు. ఎండాకాలం ఉడికిపోయేవాళ్లం. మలుపు వస్తే ఆమె స్టీరింగుతో కుస్తీ పట్టేవారు. అయినా ఇంకెవరైనా పరిగెత్తుకొస్తే, "కొంచెం సర్దుకోండర్రా," అని ఆపేవారు. ఎలాగో సర్దుకునేవాళ్లం.

మోకాళ్లు క్లచ్ తొక్కనివ్వక, దాన్ని అమ్మేసి చిన్న ఆటోమేటిక్ కారు కొన్నారు. లోపల చల్లగా ఉండేది, చప్పుడు లేదు, మా ఇరుకు గల్లీలో ఒక్కసారికే తిరిగేది. మనుషులే పట్టేవారు కాదు. ఒకరు బెల్టు పెట్టుకోకపోయినా కుయ్‌కుయ్‌మని మొత్తుకునేది.

"ఇది మనుషుల్ని లెక్కపెడుతుందమ్మా," అని నవ్వేవారు.

మొదట్లో అందరినీ చేర్చడానికి ఆదివారానికి రెండు ట్రిప్పులు వేశారు. ఆమెకు శ్రమ అని మేమే తప్పుకున్నాం. "మేం బస్సుల పోతం టీచరమ్మా, మీకెందుకు తక్లీఫ్," అన్నాడు మూలింటి టైలరన్న. నేనూ ఏదో పని ఉందన్నాను. తర్వాత తలా ఒక చిన్న కారు కొనుక్కున్నాం. ఆమె ఒక్కరే వెళ్లేవారు.

ఈమధ్య ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి మెల్లగా అడిగారు.

"నా డ్రైవింగ్ అంటే భయమా అమ్మా మీకు? ఎవరూ ఎక్కడం లేదు."

"అయ్యో, అదేం లేదు టీచరమ్మా. జాగ తక్కువ కదా అని..."

"జాగ తక్కువైతే, ముగ్గురైనా ఎక్కాలి కదమ్మా."

వచ్చే ఆదివారం ఎలాగైనా ఎక్కుదామనుకున్నాను. ఆలోపే ఆమె ఆసుపత్రిలో చేరారు. మేం ఆమె మీద జాలి పడ్డామనుకుంటుంటే, ఆమెకు అది వెలివేసినట్టు అనిపించింది.

బొల్లారం సమాధుల తోటకు గల్లీ అంతా వచ్చింది, ఎవరి కారులో వాళ్లం. మట్టి వేసి బయటికొచ్చాక టైలరన్న కారు అద్దం దించాడు.

"ఎవరన్నా వస్తరా? నేనొక్కణ్నే ఉన్న."

అందరి చేతుల్లోనూ తాళాలున్నాయి. ఆయన అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఒకరి వెనక ఒకరం మేమూ బయల్దేరాం, వెనక సీట్లన్నీ ఖాళీగా.