దారిలో ఆపని వ్యాన్

2023 ఏప్రిల్, ఒంటిపూట బడులు మొదలైన వారం. పొద్దున్నే ఆళ్లగడ్డలో పిల్లల్ని ఎక్కించుకుని నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూలు దగ్గర దింపడం, మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకు చేర్చడం నా పని. ఒక్కో ట్రిప్పు, అంటే ఒకవైపు ప్రయాణం, గంట పైనే. దారిలో బండి ఆపేది లేదని నా రూలు. ఒకరు దిగితే పదిమంది దిగుతారు, హైవే మీద లారీలతో భయం, ఆలస్యమైతే స్కూలు గేటు మూసేస్తారు. "ఇంట్లోనే అన్నీ చూసుకుని ఎక్కండి" అని రోజూ అరిచేవాణ్ని.

నాలుగో తరగతి గ్రేసి మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే నంద్యాల ఆస్పత్రిలో ఉన్నామంది వాళ్లమ్మ. పిల్లల్ని స్కూల్లో దింపి అటే వెళ్లాను. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం. చేతికి సెలైన్ పెట్టారు.

"నీళ్లు తాగమంటే మూతి బిగిస్తాందన్నా. ఇట్లే ఉంటే కిడ్నీలకు పాకుతాదంట. డాక్టరమ్మ అరుస్తాంది" అంది తల్లి, గ్లాసు పట్టుకుని.

"ఏం పాపా, తాగేకి ఏమైంది?" అన్నాను.

"నువ్వు దావలో ఆపవు కదన్నా. అందుకే తాగను. ఇప్పుడు అలవాటైతే మళ్ల కష్టం."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్లమ్మ గ్లాసు మళ్లీ పాప నోటి దగ్గర పెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంకమీద ఆపుతాలే, తాగు."

"యాడ ఆపుతావ్?"

"శిరివెళ్ల కాడ, పెట్రోలు బంకులో."

"ఆడ బాత్రూంకు తాళం ఏసింటారు."

రోజూ ఆ బంకు ముందు నుంచే పోతాను, నాకు ఆ సంగతే తెలియదు. వార్డులో నిలబడలేకపోయాను. బండి తీసి నేరుగా బంకుకు పోయాను.

"పిల్లోల్లంతా దిగితే గలీజు చేస్తారప్పా" అన్నాడు మేనేజరు.

"నేనే కడుగుతా. తాళంచెవి ఇయ్యన్నా."

గొణుక్కుంటూనే బాత్రూం తాళంచెవి ఇంకోటి తీసిచ్చాడు. ఆస్పత్రికి తిరిగి వస్తుంటే ముందున్న ప్రతి లారీ మీదా కోపమే. స్కూలు వదిలేలోపు గ్రేసి ఆ నీళ్లు తాగాలి.

తాళంచెవి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది. "దానిదేనా?"

"దానిదే. తీసి చూసే వచ్చినా."

గ్లాసు అందుకుని సగం తాగింది. ఆగి, మిగతాదీ తాగింది. వాళ్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నింపింది.

ఏటా బండిని ఫిట్‌నెస్‌కు తీసుకుపోతాం. రోడ్డెక్కడానికి పనికొస్తుందా అని చూసే పరీక్ష అది. బ్రేకులు చూస్తారు, టైర్లు చూస్తారు. లోపల పిల్లలు ఎట్లా కూర్చుంటున్నారో చూసుకోవాల్సింది నేను. నీళ్లు తాగమని పిల్లలకు అందరం చెబుతాం. తాగాక ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇప్పుడు రోజూ శిరివెళ్లలో ఆపుతున్నాను. అయినా మనసు కుదుటపడదు. గ్రేసి నోరు తెరిచి చెప్పింది. అంతకుముందు పదకొండేళ్లు నా వెనక సీట్లలో కాళ్లు బిగించుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. అద్దంలో చూసి, పిల్లలు బుద్ధిగా ఉన్నారనుకునేవాణ్ని.